ఏనుగు బతికినా వెయ్యేనా?

గత వేసవి సెలవుల్లో మా మేనకోడలిని సాలార్‌జంగ్ మ్యూజియానికి తీసుకువెళ్లాను. తొమ్మిదో తరగతి పూర్తిచేసిన పిల్ల. గడియారంలో గంట కొట్టే బొమ్మను చూసేశాక ఇంటికి పోదామంటుందని అనుకున్నాను గాని, దంతపు వస్తువుల దగ్గరకు వచ్చేసరికి కదలనంది. టిప్పు సుల్తానుకు ఫ్రాన్సు రాజు పదహారో లూయీ బహూకరించాడని చెప్పుకొనే కుర్చీలను అటునుంచీ ఇటునుంచీ చూసి, "మామయ్యా, ఇదంతా మన ఏనుగుల దంతమేనా?" అని అడిగింది. "ఏనుగులకు మన దేశంలో ఏం కరువమ్మా, మనవే" అన్నాను. ఆ మాట అనడానికి నాకు అరక్షణం కూడా పట్టలేదు.

అంత తేలికగా నోటికి వచ్చిన జవాబు ఆ వారంలోనే నన్ను ఇబ్బంది పెట్టింది. వేరే పని మీద మోటుపల్లి శాసనం పాఠం తిరగేస్తున్నాను. కోస్తాలోని మోటుపల్లి రేవులో కాకతీయ రాజు గణపతిదేవుడు 1244లో వేయించిన ఆ శాసనాన్ని అంతకుముందు నాలుగైదు సార్లయినా చదివి ఉంటాను. సుంకం కట్టవలసిన సరుకుల వరుసలో చందనం, కర్పూరం, ముత్యాలు, పన్నీరు దాటాక దంతం వస్తుంది. చదివిన ప్రతిసారీ దాన్ని మన అడవుల నుంచి వచ్చి ఓడ ఎక్కే సరుకుగానే ఊహించుకున్నాను. ఓడ దిగుతున్న సరుకు కూడా కావచ్చునన్న తలంపు ఆ రోజు వరకు రానేలేదు. ఆ తరువాత కొన్ని నెలల పాటు దొరికినదల్లా చదివి ఒక అభిప్రాయానికి వచ్చాను. మధ్యయుగంలో మన దేశపు బజార్లలో చెక్కి అమ్మిన దంతంలో చెప్పుకోదగ్గ భాగం ఆఫ్రికా ఏనుగులది. అందుకు కారణం మనకు ఏనుగులు లేకపోవడం కాదు. మన రాజులకు ఏనుగు చచ్చినప్పటికన్నా బతికి ఉన్నప్పుడే ఎంతో ఎక్కువ అక్కరకు వచ్చేది. ఈ మాట నిలబడుతుందో లేదో, ఎక్కడ తడబడుతుందో ఇక్కడ రాసి చూసుకుంటున్నాను.

సామెత లెక్క

"ఏనుగు బతికినా వెయ్యే, చచ్చినా వెయ్యే" అన్న మాటను మనం పెద్దమనుషుల గురించి వాడుకుంటాం. ఆ అర్థంలో దానితో నాకు పేచీ లేదు. ధరల పట్టికగా చదివితే మాత్రం అది తప్పుడు పట్టిక. రెండు వేలూ ఒక్కటే అయి ఉంటే మన అడవుల్లోని ఏనుగులను దంతం కోసమే ఎప్పుడో వేటాడి ఉండేవాళ్లం.

అర్థశాస్త్రం ఈ విషయంలో చాలా సూటిగా మాట్లాడుతుంది. ఏనుగును చంపినవాణ్ణి చంపమంటుంది. తనంత తాను చచ్చిన ఏనుగు దంతాల జతను తెచ్చి అప్పగించినవాడికి నాలుగుంపావు పణాలు ఇమ్మంటుంది. ఒక గ్రంథంలో రాసిన నియమం ప్రతి అడవిలోనూ అమలైందని నేను అనను. కాకతీయుల కాలానికి ఆ గ్రంథానికి ఎంత చలామణి ఉండేదో కూడా వేరే ప్రశ్న. కాని నియమం వెనుక ఉన్న భయం మాత్రం వెయ్యేళ్ల తరువాత కూడా మారలేదు. ఏనుగును కట్టుకొయ్య దగ్గర కని పెంచడం దండగమారి పని, దూడ పనికి వచ్చేసరికి పదిహేను ఇరవై ఏళ్లు పడుతుంది. అందువల్ల రాజుకు కావలసిన ఏనుగును అడవే పెంచి ఇవ్వాలి, పెరిగినదాన్ని పట్టి మచ్చిక చేసుకోవాలి. దంతం కోసం ఏనుగును నరికినవాడు రేపటి సైన్యాన్ని నరికినట్టే. 1310లో ప్రతాపరుద్రుడు ఢిల్లీ సేనాని మాలిక్ కాఫూర్‌తో సంధి చేసుకున్నప్పుడు ఇచ్చినవాటిలో వంద ఏనుగులు, 7,000 గుర్రాలు ఉన్నాయని ఢిల్లీ చరిత్రకారుడు బరనీ రాశాడు. ఢిల్లీవాళ్లు ఓరుగల్లు నుంచి కోరి తీసుకుపోయినది నడిచే ఏనుగును.

శ్రీనాథుడి హరవిలాసంలో అవచి తిప్పయసెట్టి వర్తకాన్ని పొగిడే పద్యం మనలో చాలామందికి బడిలోనే పరిచయం. ఆ సెట్టి ఎక్కడెక్కడి నుంచి ఏమేమి తెప్పించేవాడో కవి వరుసపెట్టి చెబుతాడు. హురుముంజి గుర్రాలు, భోటదేశపు కస్తూరి, చీనా పట్టు ఉన్న ఆ వరుసలో సింహళం నుంచి వచ్చినవి గంధసింధురాలు, అంటే మదపుటేనుగులు. దంతం ఊసు ఆ వరుసలో లేదు. పద్యంలో లేనంత మాత్రాన ఓడలో లేదని కాదు, అది స్తుతిపద్యం గాని సుంకం చిట్టా కాదు. అయినా సముద్రం మీదుగా ఏనుగును బతికుండగానే తెచ్చుకోవడం ఆ కాలపు తెలుగు కవికి వింతగా అనిపించలేదన్నది గమనించదగ్గది. ఇంకొక ముచ్చట. సింహళపు మగ ఏనుగుల్లో నేడు దంతాలున్నవి పదింట ఒకటి కూడా లేవు. ఆనాడు కాస్త ఎక్కువే ఉన్నా, తిప్పయసెట్టి ఏనుగుల్లో చాలావాటికి చెక్కడానికి దంతమే ఉండి ఉండదు.

ఆసియా ఏనుగుల్లో ఆడవాటికి పైకి కనిపించే దంతాలు ఉండవు. మగవాటిలోనూ దంతం లేనివి ఉంటాయి, మావటివాళ్లు వాటిని మఖ్నా అంటారు. ఆఫ్రికా మైదానపు ఏనుగుల్లో సాధారణంగా ఆడకూ మగకూ దంతాలుంటాయి, అవి పెద్దవి కూడా. ఈ ఒక్క తేడాను పక్కన పెట్టి మధ్యయుగపు దంతపు వ్యాపారం గురించి ఏం మాట్లాడినా గాలిలో మేడే.

జంజ్ తీరం నుంచి

బాగ్దాదులో పుట్టిన అల్ మసూదీ తూర్పు ఆఫ్రికా తీరానికి స్వయంగా వెళ్లి, చివరిసారి 916 ప్రాంతంలో అక్కడి నుంచి ఒమాన్‌కు ఓడలో తిరిగి వచ్చాడు. అరబ్బులు జంజ్ దేశం అని పిలిచే ఆ తీరం గురించి అతడు చెప్పిన రెండు మాటలు నా వాదనకు మూలస్తంభాలు. మొదటిది, అక్కడ ఏనుగులు లెక్కలేనన్ని ఉన్నా అక్కడివాళ్లు వాటిని మచ్చిక చేయరు, యుద్ధానికి గాని బరువులు మోయడానికి గాని వాడుకోరు, వేటాడి చంపుతారు. రెండవది, ఆ దంతాలు ఒమాన్‌కు చేరి అక్కడి నుంచి హిందూదేశానికీ చీనాకూ పోతాయి, అలా పోకపోతే ముస్లిం దేశాల్లో దంతం సమృద్ధిగా ఉండేది. మనవాళ్లు దానితో ఏం చేస్తారో కూడా రాశాడు. కటార్ల పిడులకూ కత్తులకూ వాడతారట, కాని అన్నిటికన్నా ఎక్కువగా చదరంగం బలగాలకూ పాచికలాట కాయలకూ వాడతారట.

ఏనుగును ఏనుగుగా వాడుకోని చోటు నుంచి, వాడుకునే చోటుకు దంతం ప్రవహించిందన్న మాట. ఇది తలకిందులుగా ఉన్నట్టు అనిపిస్తుంది గాని, సామెతలోని రెండు వేలనూ విడదీసి చూస్తే ఇంతకన్నా సహజమైన వ్యాపారం లేదు. జంజ్ తీరంలో బతికిన ఏనుగుకు ధర లేదు, చచ్చినదానికే ఉంది. మన దగ్గర బతికినదాని ధర ఆకాశంలో ఉంది కనుక చంపించి దంతం తీయించడం నష్టపు బేరం.

ఇదే విషయాన్ని చీనా వైపు నుంచి చూసినవాడు జావ్ రుగ్వా. చ్వాన్‌జౌ రేవులో విదేశీ వర్తకాన్ని పర్యవేక్షించిన అధికారి, గణపతిదేవుడికి సమకాలికుడు. 1225 నాటి తన గ్రంథంలో అరబ్బు దేశాల మీదుగా వచ్చే దంతాన్నీ, కాంబోడియా, చంపా దేశాల దంతాన్నీ పక్కపక్కన పెట్టి తూచాడు. అరబ్బులు తెచ్చేది తిన్నగా, తెల్లగా ఉండి ఒక్కొక్కటి యాభై నుంచి నూరు కాటీలు తూగుతుంది. కాటీ అంటే మన లెక్కలో సుమారు ఆరు వందల గ్రాములు. ఇటు ఆసియా అడవుల నుంచి వచ్చేది చిన్నది, ఎర్రని ఛాయ కలది, పది నుంచి ముప్పై కాటీలకు మించదు. ఆ రేవులో కూర్చున్నవాడికి రెండు సరుకులూ రోజూ కళ్లబడుతున్నాయి, ఏది మేలో అతడికి చెప్పేవాళ్లు అక్కరలేదు. అవి కాంబోడియా ఏనుగులు కదా, మనవి కావు కదా అని ఎవరైనా అడగవచ్చు. జాతి ఒకటే.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ముందుకు పోలేను. ఈ వాదనను కొందరు మిత్రులతో పంచుకున్నప్పుడు ఒకరు వెంటనే, "చూశారా, మనవాళ్లు ఏనుగులను చంపేవాళ్లు కాదు" అని పొంగిపోయారు. నేను చెబుతున్నది మన దయాగుణం గురించి కాదు. చదరంగం ఆడుకోవడానికి మనకు కావలసిన దంతం కోసం చచ్చిన ఏనుగు సముద్రానికి అవతల చచ్చింది, అంతే. ఇక్కడ ఖెడ్డాలలో, అంటే ఏనుగులను తోలి పట్టే కంచెల్లో, పట్టుబడి, కాళ్లకు తాళ్లు కోసుకుపోయి, మచ్చికయ్యేలోపే చచ్చినవాటిని ఎవరు లెక్కపెట్టారు?

మోటుపల్లి రాతి మీద రెండు ఏనుగులు

మళ్లీ శాసనానికి వస్తాను. అభయశాసనంగా పేరుపడ్డ దానిలో అందరూ ఎత్తి చెప్పే భాగం ఒకటుంది. పూర్వపు రాజులు తుపానుకు చిక్కి ఒడ్డుకు కొట్టుకువచ్చిన ఓడల్లోని సరుకునంతా బలవంతంగా లాక్కునేవారు, ప్రాణం కన్నా ధనం గొప్పదని నమ్మి సముద్రానికి తెగించే వర్తకుల మీద దయతో మేము నియతమైన సుంకం తప్ప మిగిలినదంతా వదిలేస్తున్నాము అని గణపతిదేవుడు ప్రకటిస్తాడు. ఆ ఓడల్లో ఏముండేవో చెప్పేటప్పుడు బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు అంటాడు. అంటే శాసనంలో ఏనుగు రెండుసార్లు వస్తుంది. పై భాగంలో ప్రాణంతో ఓడలో నిలబడి వస్తుంది, కింద సుంకాల పట్టీలో దంతంగా వస్తుంది. ఒకే రాతి మీద మన సామెత రెండు సగాలూ ఉన్నాయి, రెండింటికీ వేర్వేరు చోట్లున్నాయి.

దిగుమతికీ ఎగుమతికీ సుంకం ముప్పయ్యింట ఒక వంతేనని శాసనం చెబుతుంది. రేటు ఒకటే కావడంతో ఏ సరుకు ఏ దిక్కుకు పోతోందో విడిగా చెప్పవలసిన అవసరం రాయించినవారికి పడలేదు. నేను దంతానికి ఇరుగుపొరుగును చూశాను. పన్నీరు, పగడాలు, రాగి, సీసం, పట్టునూలు, పునుగు దాని చుట్టూ ఉన్నాయి. వీటిలో చాలా భాగం ఈ తీరానికి బయటి నుంచి వచ్చేవే. పన్నీరు పారశీకం వైపు నుంచి, పగడం మధ్యధరా వైపు నుంచి రావాలి. ఇలాంటి గుంపులో ఉన్న దంతం కూడా దిగుమతేనని ఉత్సాహంగా రాసుకున్నాను.

శాసనాలు చదవడమే వృత్తిగా ఉన్న మిత్రుడొకరికి ఈ మాట చెప్పినప్పుడు ఆయన నవ్వి, "పట్టీలో వస్తువులను పక్కపక్కన పెట్టింది సుంకం రేటు ప్రకారమండీ, దిక్కు ప్రకారం కాదు. కిరాణా దుకాణం చీటీలో బెల్లం పక్కన సబ్బు ఉంటే బెల్లంతో ఒళ్లు తోముకుంటామా?" అన్నారు. ఆయన మాటే సరి. ఇరుగుపొరుగు నుంచి నేను లాగిన తీర్మానాన్ని కొట్టేసుకున్నాను. మోటుపల్లి మీద నాకిప్పుడు మిగిలిందల్లా ఒకటే: ఆ రేవులో దంతం సుంకం కట్టేటంత మోతాదులో తిరుగుతోంది, ఆ రేవు తూర్పు పడమర సముద్రాలు రెండింటికీ తెరిచి ఉంది. తరువాత సుమారు యాభై ఏళ్లకు ఈ తీరం గురించి రాసిన మార్కో పోలో, జాంజిబార్ గురించి చెప్పేటప్పుడు అక్కడి వర్తకంలో ఏనుగు దంతానికి ఉన్న స్థానాన్ని ప్రత్యేకంగా పేర్కొన్నాడు. జాంజిబార్ అతడు చూసినది కాదు, వినికిడి. ఆ వినికిడి హిందూ మహాసముద్రపు రేవుల్లో నావికుల నోట తిరిగిన మాట కావడం వల్లనే నాకు విలువైనది.

ఎక్కడ తడబడుతుంది

నా వాదనకు గట్టి దెబ్బ తగిలేది కళింగం దగ్గర. ఒడిశాలో 13వ శతాబ్దపు పనిగా గుర్తించిన దంతపు సింహాసనం కాళ్లు కొన్ని ఇప్పుడు అమెరికా మ్యూజియాలలో ఉన్నాయి. సింహాన్నీ ఏనుగునూ కలగలిపి చెక్కిన ఆ కాళ్లలో కండ ఎక్కువ, సన్నని దంతంతో చేసేవి కావు. అప్పుడు అక్కడ ఏలుతున్నది తూర్పు గాంగులు, మన ముఖలింగం కూడా వాళ్ల ఏలుబడిలోనిదే. ఏనుగుల మీద కూర్చొని రాజ్యమేలినవాళ్లు, తరువాతి రాజులు గజపతులన్న బిరుదే పెట్టుకున్న నేల అది. ఇంకా వెనక్కి వెళ్తే, క్రీస్తుశకం తొలి శతాబ్దంలో గ్రీకులో రాసిన నావికుల దారిచీటీ ఒకటి ఈ తీరాన దొసరేనే అన్న చోటు దంతానికి ప్రసిద్ధి అని పేరు పెట్టి మరీ చెబుతుంది. అక్కడి రాజు సింహాసనానికి దంతం జాంజిబార్ నుంచి తెప్పించుకున్నాడని నేనంటే గాంగుల ఏనుగులే నవ్వుతాయి.

(దంతం కోసం వెతుకుతూ కళింగపు పాత రాజధాని దంతపురాన్ని కూడా నా చిట్టాలో రాసుకున్నానని ఒప్పుకోవాలి. శ్రీకాకుళం జిల్లాలో సరుబుజ్జిలి దగ్గరున్న ఆ కోటకు పేరు తెచ్చిన దంతం బుద్ధుడిది. ఏనుగుకు సంబంధం లేదు. చిట్టాలోంచి తీసేశాను.)

కాబట్టి నా మాటను కుదించుకుంటున్నాను. ఏనుగుల మీద హక్కున్న రాజాస్థానానికి చచ్చిన పట్టపుటేనుగు దంతమే చాలు. ఆస్థానంలో చెక్కినదాన్ని చూసి దేశమంతటి దంతాన్నీ లెక్కకట్టరాదు. నేను మాట్లాడుతున్నది బజారు దంతం గురించి, అంటే చదరంగం కాయలు, కటారి పిడులు, దువ్వెనలు, భరిణెలు. ఆ సరుకు చెక్కేవాడికి రాజుగారి గజశాలలో ప్రవేశం లేదు.

ఇలా కుదించుకున్నాక ఇంకో చిక్కు వచ్చిపడింది, ఇది మొదటిదాని కన్నా గడుసుది. మన దగ్గర బతికిన ఏనుగు నుంచి కూడా దంతం తీసేవాళ్లు. దంతం మొదట్లో చుట్టుకొలత ఎంతో దానికి రెట్టింపు పొడవు వదిలిపెట్టి మిగిలిన కొనను కోయాలని అర్థశాస్త్రమే చెబుతుంది. నదీతీరపు ఏనుగుకైతే రెండున్నరేళ్లకు ఒకసారి, కొండ ఏనుగుకైతే ఐదేళ్లకు ఒకసారి. దంతం మళ్లీ పెరుగుతుంది. లోపల బోలుగా ఉండేది మొదలే, కొన గట్టిగా ఉంటుంది. అంటే కోసిన ముక్క సరిగ్గా చదరంగం కాయకు సరిపోయే ముక్క. నేను ఏ బజారు సరుకును ఆఫ్రికాకు అప్పజెప్పానో, ఆ సరుకుకే ఇంటి దంతం చక్కగా అమరుతోంది.

దీనికి నా దగ్గర సగం సమాధానమే ఉంది. ఒక రాజ్యంలో కోయదగిన దంతాలున్న ఏనుగులు వందల్లో ఉంటాయి గాని వేలల్లో ఉండవు. ఒక్కొక్కదాని నుంచి రెండున్నరేళ్లకో ఐదేళ్లకో రెండు కొనలు వస్తాయి, అవీ ముందు రాజు కోశానికి చేరతాయి. ఉపఖండమంతటి చదరంగపు బల్లలకు అది చాలిందా అన్నది ప్రశ్న. చాలి ఉంటే ఒమాన్ వర్తకులు నూరు కాటీల దంతాలను ఇంత దూరం మోసుకువచ్చి నష్టపోతూ ఉండాలి. వర్తకులు నష్టానికి శతాబ్దాల తరబడి ఓడ నడపరు.

పారిస్ వరకు

జంజ్ తీరపు దంతం ఇంకొక దిక్కుకు కూడా పోయింది. ఎర్రసముద్రం ఎక్కి, ఈజిప్టు రేవుల మీదుగా మధ్యధరాకు, అక్కడి నుంచి ఉత్తర ఫ్రాన్సుకు. పన్నెండో శతాబ్దపు ఉత్తర ఐరోపాలో ఏనుగు దంతం దాదాపు కనిపించదు. 13వ శతాబ్దం నడిమికి వచ్చేసరికి పారిస్‌లో దాని వెల్లువ. లూవ్ర్ మ్యూజియంలో ఉన్న సెంత్ షపెల్ దంతపు మేరీమాత విగ్రహం ఎత్తు 41 సెంటీమీటర్లు. 1268 ప్రాంతంలో ఎత్యెన్ బ్వాలో పారిస్ వృత్తిసంఘాల కట్టుబాట్లను రాయించినప్పుడు విగ్రహాలు చెక్కేవాళ్ల నుంచి కత్తిపిడులు, దువ్వెనలు చేసేవాళ్ల వరకు దంతంతో పనిచేసే పలు వృత్తులు ఆ పుస్తకానికెక్కాయి.

ఆ మార్పుకు సారా గెరాన్ అనే పరిశోధకురాలు చూపిన కారణం నాకు బాగా నచ్చింది. ఫ్లాండర్స్ (నేటి బెల్జియం వైపు) బట్టల అద్దకానికి టన్నుల కొద్దీ పటిక కావాలి. కలంకారీ పనివాళ్లను అడిగితే పటిక లేనిదే రంగు గుడ్డను పట్టదని చెబుతారు, అక్కడా అదే అవసరం. ఆ పటికను మధ్యధరా నుంచి జిబ్రాల్టర్ చుట్టూ తిప్పి ఉత్తరానికి మోసుకుపోయే ఓడల్లో దంతం కూడా చేరిందని ఆమె వాదం. దంతానికంటూ విడిగా దారి ఎవరూ వేయలేదు, పటిక వేసిన దారిన పోయింది. 1277లో జెనోవా ఓడలు ఫ్లాండర్స్ చేరిన దాఖలా ఉంది. పారిస్ వెల్లువ దానికి కొన్ని దశాబ్దాల ముందే మొదలవడం ఆ వాదంలో నాకు కనిపించే చిన్న బీట, అయినా వాదం మొత్తం కూలేంత పెద్దది కాదు.

ఈ చరిత్ర చదివేటప్పుడు నన్ను గిచ్చినది వేరు. పారిస్ దంతపు కథ చెప్పేవాళ్ల పటంలో హిందూదేశం ఉండదు, మన దంతపు కథ చెప్పేవాళ్ల పటంలో జంజ్ తీరం ఉండదు. మసూదీ పదో శతాబ్దంలోనే రెండు కథలనూ ఒక్క వాక్యంలో ముడివేశాడు: తూర్పువాళ్లు కొనేస్తున్నారు కనుక పడమరకు దక్కడం లేదు. అలాంటి పడమటి దేశంలో ఏనుగు బతికి ఉంటే ఏమయ్యేదో కూడా మనకు తెలుసు. 1255లో ఫ్రాన్సు రాజు తొమ్మిదో లూయీ ఇంగ్లండు రాజు మూడో హెన్రీకి ఒక ఏనుగును కానుకగా పంపాడు. లండన్ టవర్‌లో కొత్తగా కట్టిన శాలలో దాన్ని జనం విడ్డూరంగా చూశారు, మ్యాథ్యూ పారిస్ అనే సన్యాసి బొమ్మ గీసుకున్నాడు. 1257లో అది చచ్చిపోయింది. ఆ ఏనుగును ఎవరూ దేనికీ వాడుకున్నట్టు లేదు.

దంతాన్నే అడిగితే

కొన్ని దంతాలను నేరుగా అడగవచ్చు. అడ్డంగా కోసిన ఏనుగు దంతంలో అల్లికలాంటి గీతలు కనిపిస్తాయి, ఉత్తరాది సముద్రపు జంతువైన వాల్రస్ దంతంలోనూ, ఎముకలోనూ అవి ఉండవు. ఇది తెలిసినవాడు భూతద్దంతోనే ఏనుగును పోల్చుకోగలడు. కాని ఆ ఏనుగు ఆసియాదా ఆఫ్రికాదా అంటే భూతద్దం చాలదు, డీఎన్‌ఏ కావాలి, డీఎన్‌ఏకు రంధ్రం కావాలి. వెయ్యేళ్ల చదరంగం కాయకు రంధ్రం పెట్టనిస్తారా? నేనే మ్యూజియం అధికారినైతే పెట్టనివ్వను.

ఉత్తరాది సముద్రాల్లో ఈ చిక్కును తెలివిగా దాటారు. గ్రీన్‌లాండ్ వాల్రస్ దంతాలు ఐరోపాకు వచ్చేటప్పుడు మూతి ఎముకతో సహా వచ్చేవి, చెక్కేవాళ్లు దంతం పెరుక్కుని ఎముకను పారేసేవాళ్లు. 2018లో వెలువడిన పరిశోధనలో ఆ పారేసిన ఎముకలకే డీఎన్‌ఏ పరీక్ష చేసి, పన్నెండో శతాబ్దం నుంచి ఆ సరుకులో అత్యధిక భాగం పడమటి గ్రీన్‌లాండ్‌దేనని తేల్చారు. మనకూ అలాంటి చెత్తకుప్ప ఒకటి ఉంది. సింధ్‌లో కరాచీ దగ్గరి భంబోర్ తవ్వకాల్లో మధ్యయుగపు దంతపు పనిశాల వ్యర్థాలు కుప్పలుగా బయటపడ్డాయి. అదే సింధ్‌లో బ్రాహ్మణాబాద్ దగ్గర 1854లోనే దంతపు చదరంగం కాయలు దొరికాయి. మసూదీ చెప్పిన చదరంగం, అతడు చెప్పిన సముద్రపు దారికి మొదటి మజిలీలోనే దొరకడం నాకు కాకతాళీయంగా అనిపించదు. భంబోర్ కుప్పలో తరిమెన పట్టిన ముక్కల్లో ఒక గుప్పెడు పరీక్షకు ఇస్తే ఎవరి కళాఖండమూ చెడదు.

పరీక్షకు నిలిచిన సాక్ష్యం ఒకటి ఇప్పటికే ఉంది, కాస్త ఆలస్యపు కాలానిది. 1533లో లిస్బన్ నుంచి బయలుదేరి నమీబియా తీరాన మునిగిన బోమ్ జెసుస్ అనే పోర్చుగీసు ఓడ 2008లో బయటపడింది. అందులో నూరుకు పైగా ఏనుగు దంతాలున్నాయి. 2020లో వెలువడిన డీఎన్‌ఏ పరీక్షల్లో అవి పడమటి ఆఫ్రికా అడవి ఏనుగులవని, కనీసం పదిహేడు వేర్వేరు గుంపులవని తేలింది. ఆ ఓడ వెళ్తున్నది మన దేశానికి. 1533 నుంచి 1244ను ఊహించడం తప్పని నా మిత్రుడు మళ్లీ అంటారు, అనాలి కూడా. కాని ఏనుగుల దేశానికి ఏనుగు దంతం మోసుకుపోవడం వెర్రితనం అనుకునే ఓడవాడు నూరు దంతాలు ఎక్కించుకోడు. అది అప్పటికే ఎరిగిన బేరం.

పారిస్ జాతీయ గ్రంథాలయంలో ఒక చదరంగపు ఏనుగు ఉంది. ఒకప్పుడు సెయింట్ డెనిస్ మఠం ఖజానాలోది, షార్లమేన్ చక్రవర్తిదని చాలాకాలం చెప్పుకొన్నారు. ఏనుగు మీద రాజు, చుట్టూ గుర్రపు రౌతులు, అడుగున చెక్కినవాడి పేరుతో అరబ్బీ లిపిలో ఒక పంక్తి. దాన్ని సింధ్‌లో చెక్కారా మరోచోట చెక్కారా అన్న వాదన ఇంకా తెగలేదు. వాదించేవాళ్లంతా అది ఎవరి ఏనుగు బొమ్మ అనే అడుగుతున్నారు. ఆ బొమ్మ ఏ ఏనుగు ఒంట్లోంచి వచ్చిందన్న ప్రశ్న కూడా దాని పక్కన చేరితే బాగుండునని నాకు అనిపిస్తుంది. ముసుగు తీస్తే మన యుద్ధపుటేనుగు వేషంలో జంజ్ తీరపు ఏనుగు కనిపించినా నేను ఆశ్చర్యపోను.

మొన్న దసరాకు మా మేనకోడలితో ఫోన్‌లో మాట్లాడినప్పుడు నా పాత జవాబును వెనక్కి తీసుకున్నాను. అన్నీ మనవి కాకపోవచ్చునని చెప్పి, మసూదీ కథా మోటుపల్లి కథా కొంచెం కొంచెం చెప్పాను. అంతా విని, "మరి వాళ్లకు మనవాళ్లు బదులుగా ఏమిచ్చారు మామయ్యా?" అంది. నూలుబట్టలూ గాజుపూసలూ అన్నాను. దక్షిణాఫ్రికాలో లింపోపో నది ఒడ్డున, 13వ శతాబ్దపు మపుంగుబ్వే కొండ మీద సముద్రం దాటివచ్చిన గాజుపూసలు విస్తారంగా దొరికాయి. దాని పొరుగు స్థావరంలో దంతం చెక్కిన ఆనవాళ్లున్నాయి. హిందూ మహాసముద్రమంతటా తిరిగిన సన్నని పూసల్లో ఒక రకం, కరిగిన గాజును గొట్టంలా సాగదీసి ముక్కలు కోసి చేసేది. ఆ పద్ధతి మన కాలం వరకు నిలిచింది పాపానాయుడుపేటలో.

"పూస ఎంతుంటుంది?"

"ఆవగింజకు కాస్త ఎక్కువ."

"పాపానాయుడుపేట ఎక్కడ?"

రేణిగుంట దాటితే వస్తుందన్నాను. సంక్రాంతి సెలవులకు తిరుపతి వెళ్దామని అమ్మను ఒప్పించే పని తనదంది.